తాళంచెవి బాకీ

"సంతలో గొర్రెని కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూస్తావా లేదా, బావా?" అని అడిగింది రఖత్.

"చూస్తాను."

"తోక పట్టుకుని కొవ్వెంత ఉందో చూస్తావా?"

"చూడకుండా కొంటే మీ అక్క నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?"

"మరి బ్యాంకు జప్తు చేసిన ఇల్లు కొంటానని బయల్దేరి, గోడలు తెల్లగా ఉన్నాయి, దొడ్లో ఆపిల్ చెట్లున్నాయి అని చెప్తావేంటి? ఉన్ని మెత్తగా ఉందని గొర్రెని కొన్నట్టుంది నీ బేరం!"

పక్కన టీ పోస్తున్న బురుల్చా కిసుక్కున నవ్వింది. షార్షెన్‌కీ నవ్వొచ్చింది గానీ, మరదలి ముందు నవ్వితే ఓడిపోయినట్టుంటుందని రొట్టె ముక్క నోట్లో కుక్కుకున్నాడు.

రఖత్ అతని భార్య బురుల్చాకి చిన్నాన్న కూతురు. తొక్మోక్ పట్నంలో ఓ నోటరీ ఆఫీసులో ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. ఎవరి ఇల్లు ఎవరి చేతికి మారిందో, ఎవరు నవ్వుతూ సంతకం పెట్టారో, ఎవరు కళ్ళు తుడుచుకుంటూ పెట్టారో అన్నీ ఆమె చూసినవే. బావ కనపడితే చాలు ఆట పట్టిస్తుంది. కానీ ఇవాళ ఆటలో కూడా మాట గట్టిగానే ఉంది. ఎందుకంటే షార్షెన్ ఆ ఇంట్లో పెట్టబోయేది అతని జీవితం మొత్తం.

జీవితం మొత్తం అన్నది ఊరికే అన్న మాట కాదు. రష్యాలో, యెకాతెరిన్‌బుర్గ్‌లో, పరాయివాళ్ళ స్నానాల గదుల్లో టైల్స్ పరిచి సంపాదించిన డబ్బది. మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని. ఇప్పుడు రెండు మెట్లెక్కాలన్నా గోడ పట్టుకోవాలి. బురుల్చా ఇక్కడ బడిపిల్లలకి వంట చేస్తూ, అద్దె గదుల్లో కాపురం ఈదుకొచ్చింది. ఇద్దరూ కలిపి కూడబెట్టింది మామూలు ధరకి ఇల్లు కొనడానికి చాలదు. అందుకని బ్యాంకువాళ్ళు తక్కువకి వదిలించుకునే ఇల్లు, అదీ రెండు గుమ్మాలున్నది చూసి కొనాలి, ఒక పక్క తాముండి రెండో పక్క అద్దెకివ్వాలి. ఆ అద్దే పింఛను. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చునే పని ఉండదు. ఇదీ షార్షెన్ లెక్క. ఈ లెక్క తప్పితే మళ్ళీ సంపాదించే ఒళ్ళు అతనికి లేదు.

"విను బావా," అంది రఖత్. "వేలం పాట జరిగేటప్పుడు దూకొద్దు. పాటల్లో ఎవరూ కొనకపోతే ఇల్లు బ్యాంకు పేరు మీదకొస్తుంది. అప్పుడు బ్యాంకు దగ్గర కొను. ధర కాస్త ఎక్కువైనా పర్లేదు, వెనకనుంచి కోర్టులో తోక పట్టుకుని లాగేవాడు ఉండడు. పాతాయన అప్పీలు గడువు దాటిందో లేదో నేను చూస్తా. ఆ ఇంటి చిరునామా మీద ఎవరెవరి పేర్లు నమోదై ఉన్నాయో అదీ తీయిస్తా. పసిపిల్ల పేరు ఒక్కటున్నా చాలు, నీ గడ్డం నెరిసేదాకా తిప్పుతారు."

"ఇప్పటికే నెరిసింది కదే."

"అయితే ఊడేదాకా తిప్పుతారు. కరెంటు బాకీ, నీళ్ళ బాకీ, స్థలం పన్ను, అన్నీ తేలాకే బయానా. డబ్బు ఎవడి చేతిలోనూ పెట్టొద్దు, బ్యాంకు ఖాతాలోకే పోవాలి. ముందు పోయి నీ కళ్ళతో చూడు. అమ్మేవాళ్ళని అడక్కు, పక్కింటోళ్ళని అడుగు. ఇల్లెందుకు మునిగిందో పక్కింటోళ్ళకి తెలిసినట్టు ఆ దేవుడికి కూడా తెలీదు."

"అంతేనా?"

"ఆఖర్దుంది. లోపలున్నోళ్ళు ఎప్పుడు ఖాళీ చేస్తారో కాగితం మీద రాయించి సంతకం తీసుకో. నేనే టైపు చేసిస్తా, జేబులో పెట్టుకుపో. నోటి మాట నీళ్ళ మీద రాత. ఇదొక్కటి మర్చిపోయావనుకో, మిగతావన్నీ చేసినా చెయ్యనట్టే."

ఆ ఇల్లు తొక్మోక్ దాటాక, కాలవ పక్కన ఉన్న ఒక ఊళ్ళో. షార్షెన్ మరదలు చెప్పినట్టే ముందు పక్కింటికి వెళ్ళాడు. అక్కడ ఒకావిడ దొడ్లో బీట్‌రూట్లు పీకుతోంది. అడగ్గానే నడుం నిటారుగా చేసి, కంచె మీద మోచేతులాన్చి మొదలుపెట్టింది.

"ఇంటికేం పాపం లేదయ్యా. పాపమంతా దోసకాయలది."

"దోసకాయలదా?"

"పెద్దాయన కల్మత్ ఉన్నాడా, ఆయన తమ్ముడు సుయున్ ప్లాస్టిక్ పందిళ్ళు వేసి చలికాలం దోసకాయలు పండిస్తానన్నాడు. అప్పు కావాలి. సొంతిల్లు లేదు. అన్న తన ఇల్లు తాకట్టు పెట్టాడు. మార్చిలో తడి మంచు పడింది చూడు, పందిళ్ళు మొత్తం నేలకంటుకుపోయాయి. అన్న తమ్ముణ్ణి ఒక్క మాట అన్లేదు. అనుంటే బాగుండేది. సుయున్ అప్పట్నుంచీ తల ఎత్తడం లేదు."

కల్మత్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, ట్రాక్టరు నడిపిన చేతులు.

"బ్యాంకోళ్ళు పంపారా?"

"అవును పెద్దన్నా, సలాం."

"రా తమ్ముడూ. బూట్లు విప్పక్కర్లేదులే, ఇక మీ ఇల్లేగా."

అది ఎత్తిపొడుపో పరాచికమో షార్షెన్‌కి అర్థం కాలేదు. బూట్లు విప్పాడు. దాంతో పెద్దాయన మొహం కొంచెం మెత్తబడింది.

లోపల పొయ్యి దగ్గర కల్మత్ భార్య ఊల్కన్ తలగుడ్డ సర్దుకుని పక్కకి జరిగింది. వాకిట్లో నలభై దాటిన మనిషొకడు కట్టెలు కొడుతున్నాడు. తల ఎత్తలేదు. అతనే సుయున్ అని షార్షెన్ గ్రహించాడు.

అమ్మేవాడు లోపాలు దాస్తాడని రఖత్ చెప్పింది. ఈయన వరసపెట్టి చూపించాడు.

"ఈ మూల కారుతుంది. మంచు కరిగే రోజుల్లో కింద బకెట్ పెట్టాలి. పొయ్యి మంచిదే, కానీ పడమటి గాలి కొడితే పొగ వెనక్కి తంతుంది. అప్పుడీ పొగగొట్టం రేకు సగం మూయాలి. సగమే! మొత్తం మూశారంటే పొద్దున్నకి లేవరు. ఈ కిటికీ తలుపు పైకెత్తి తోయాలి, లేకపోతే పడదు. కొట్టులో ఎలకల్లేవు, పిల్లుంది. దాన్ని బ్యాంకోళ్ళు రాసుకోలేదు గానీ, అది మాతో రాదు. ఇంటిని వదల్దు."

కూతుర్ని అత్తారింటికి పంపుతూ, దీనికి చలి పడదమ్మా, రాత్రిపూట దగ్గొస్తుంది, అని వియ్యపురాలికి చెప్పుకునే తండ్రిలా ఉంది ఆయన వరస. షార్షెన్ గోడలు తట్టి చూడాలనుకున్నాడు. తట్టలేకపోయాడు.

వాకిట్లోకి వచ్చాక కల్మత్ దొడ్డివైపు చూపించాడు. బంగాళదుంప చాళ్ళు పచ్చగా ఉన్నాయి.

"ఇవి మేం పెట్టాం తమ్ముడూ. మమ్మల్నే తవ్వుకోనీ. తవ్వకం అయిన శనివారం, పొద్దెక్కాక రా. తాళంచెవి నేనిస్తా. బ్యాంకోడు ఇచ్చేది కాదు, నా చేత్తో నీ చేతిలో పెడతా. అది నీకు నేను బాకీ."

అని కుడిచెయ్యి చాపాడు.

రఖత్ టైపు చేసిచ్చిన కాగితం షార్షెన్ కోటు జేబులో మడతపెట్టి ఉంది. తీసి, పెద్దన్నా, ఇక్కడ సంతకం పెట్టు, అనాలి. కానీ ఎదుటి మనిషి చెయ్యి చాపి నిలబడితే, అది పట్టుకోకుండా జేబులో చెయ్యి ఎలా పెడతాడు? రెండు చేతుల్తో ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కాగితమేది?" అంది రఖత్ ఆ సాయంత్రం.

"మాటిచ్చాడు."

"ఎక్కడ పెట్టావు ఆ మాటని? చొక్కా జేబులోనా, కోటు జేబులోనా?"

"పెద్దమనిషే."

"పెద్దమనుషులు కూడా పోతారు బావా! రేపు ఆయనకేమన్నా అయితే ఆ మాట ఎవడి దగ్గర వసూలు చేస్తావు?"

"ఛీ, నోరు కడుక్కో," అంది బురుల్చా. "బతికున్న మనిషిని పట్టుకుని ఏం మాటలవి."

మిగతావన్నీ సక్రమంగానే జరిగాయి. గడువు దాటింది. చిరునామా మీద పసిపిల్లల పేర్లు లేవు. బాకీలు తీరాయి. డబ్బు ఖాతాలో పడింది, ఇల్లు షార్షెన్ పేరు మీదకి వచ్చింది. ఇంత శుభ్రమైన కాగితాలు తను ఈ మధ్య చూడలేదని రఖతే ఒప్పుకుంది. ఈలోగా వాళ్ళుంటున్న అద్దెగదుల యజమానురాలు కబురు చేసింది. కొడుకు పెళ్ళి కుదిరింది, కోడలొస్తోంది, మంచు పడేలోగా గదులు కావాలి. "పడకముందే వెళ్తాం వదినా, మాకూ ఇల్లొచ్చింది," అని బురుల్చా గర్వంగా చెప్పింది.

శనివారం వచ్చింది. బురుల్చా బొంతలు మూటలు కడుతూ ఉండిపోయింది. షార్షెన్ ఒక్కడే మినీబస్సెక్కాడు. సంచిలో రెండు రొట్టెలు, పెద్దాయన కోసం కొత్త ఉన్ని టోపీ. తాళంచెవి చేతికిచ్చే మనిషి దగ్గరికి ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాడు?

సందు మలుపు తిరిగాడు. ఆగిపోయాడు.

ఆ ఇంటి వాకిట్లో ఉన్ని గుడారం లేచి ఉంది. ఎండాకాలం కాదు, పెళ్ళి మేళం లేదు. అలాంటప్పుడు వాకిట్లో గుడారం లేచిందంటే దానికి అర్థం ఒక్కటే. గుడారం బయట మగవాళ్ళు నడుములకి గుడ్డలు కట్టుకుని, కర్రల మీద వాలి నిలబడి ఉన్నారు. లోపల్నుంచి ఆడవాళ్ళ ఏడుపుపాట వినపడుతోంది.

అలాంటి గుడారం వైపు ఎవడూ నోరు మూసుకుని నడవడు. శత్రువైనా సరే, దూరం నుంచే పోయినవాణ్ణి పిలుస్తూ, ఏడుస్తూ వెళ్ళాలి. షార్షెన్ అనుకుని చేసింది కాదు. కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. అరిగిన మోకాళ్ళు ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

"నా కొండంత అండా! నా తండ్రీ! ఎక్కడికి పోయావు తండ్రీ!"

అలా అరవడం ఆనవాయితీ. కానీ మూడో కేకకి వచ్చింది ఆనవాయితీ కాదు.

షార్షెన్ తండ్రి నారిన్ కొండల్లో ఒక చలికాలం పోయాడు. ఆ కబురు వచ్చినప్పుడు ఇతను యెకాతెరిన్‌బుర్గ్‌లో ఒక స్నానాల గదిలో ఉన్నాడు. పాస్‌పోర్టు కాంట్రాక్టరు దగ్గరుంది, ఇవ్వనన్నాడు. కలిపిన సిమెంటు గట్టిపడిపోతుందని, ఆ వరస పూర్తి చేసి అప్పుడు ఏడుద్దామనుకున్నాడు. వరస పూర్తయింది. ఏడుపు రాలేదు. ఆ రోజు రానిది ఇన్నేళ్ళకి, పరాయి వాకిట్లో, ఒక్కసారి చూసిన మనిషి కోసం వచ్చింది. గొంతు చీరుకుపోయేలా ఏడ్చాడు.

వరసలో ముందున్న మనిషి ఏడుస్తూ ఎదురొచ్చి కావలించుకున్నాడు. సుయున్. భుజం మీంచి మొహం ఎత్తి చూశాక, ఇల్లు కొన్న మనిషని గుర్తుపట్టాడు. చేతులు ఒక్క క్షణం వదులయ్యాయి. మళ్ళీ బిగిశాయి.

పక్కింటావిడ షార్షెన్‌కి నీళ్ళిచ్చింది. "తవ్వకం పూర్తి చేసే పోయాడయ్యా," అంది గుసగుసగా. "ఆఖరి బస్తా మూతి కట్టి, దాని మీదే కూర్చున్నాడు. అలసిపోయాడనుకున్నాం. టీ తీసుకెళ్ళిన ఊల్కన్ పిలిస్తే పలకలేదు."

గుడారంలో ఊల్కన్ నల్లబట్టల్లో, గోడవైపు తిరిగి కూర్చుని పాడుతోంది.

*ఆర్పకుండా కాపాడిన నిప్పు, నిన్నెవరికి అప్పజెప్పను,*
*పొగ ఎటు తన్నుతుందో ఎరిగినవాడా, ఇక రేకు ఎవరు మూస్తారు...*

మధ్యాహ్నానికి జనాజా బయటికి తెచ్చారు. తివాచీలో చుట్టిన దేహాన్ని కొయ్య మంచె మీద వాకిట్లో పెట్టారు. ఊరి మగవాళ్ళంతా వరసలు కట్టారు. షార్షెన్‌కి రెండో వరసలో చోటు దొరికింది.

"ఈ మనిషి ఎలాంటివాడు?" అని ముల్లా అడిగాడు.

"మంచివాడు!" అని అందరూ అన్నారు. షార్షెన్ కూడా అన్నాడు.

తర్వాత సుయున్ ముందుకొచ్చి మంచె పక్కన నిలబడ్డాడు. పోయినవాడి బాకీలు దగ్గరి మనిషి తన మెడ మీద వేసుకోవాలి. వేసుకోనిదే దేహం గడప దాటదు.

"మా అన్న ఎవరికన్నా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పండి. డబ్బు గానీ, వస్తువు గానీ, మాట గానీ. అది నా మీద. ఏమీ లేనోళ్ళు, ఉన్నా వదులుకునేవాళ్ళు రాజీ అనండి. మా అన్నని తేలిగ్గా పోనివ్వండి."

"నా దగ్గర ట్రాక్టరు బ్యాటరీ తీసుకున్నాడు," అన్నాడు వెనక వరసలో ముసలాయనొకడు. అన్నందుకు ఎవరూ తిరిగి చూడలేదు. అడగమన్నప్పుడు అడగడం తప్పేం కాదు.

"నా మీద, కుదాయ్ బాబాయ్," అన్నాడు సుయున్.

"అయితే నేను రాజీ."

"రాజీ... రాజీ..." అంటూ మిగతావాళ్ళు గొణిగారు.

సుయున్ అక్కణ్ణుంచి కదల్లేదు. కళ్ళెత్తి తిన్నగా షార్షెన్ వైపు చూశాడు. తల ఎత్తని మనిషి ఎత్తిన చూపది. వరసలో కొందరు తిరిగి చూశారు.

ఒక్క మాట అంటే చాలు. తాళంచెవి. సుయున్ నా మీద అంటాడు. ఈ మాటకి ఇంతమంది సాక్షులు, రఖత్ టైపు చేసిన కాగితం కంటే గట్టి సాక్ష్యం. షార్షెన్ నోరు తెరిచాడు కూడా. అప్పుడతనికి నారిన్‌లో తన తండ్రి మంచె కనపడింది. అక్కడ కూడా ఎవరో ఇలాగే అడిగుంటారు. కొడుకు లేడు. ఎవరు నిలబడ్డారు? ఎవరు నా మీద అన్నారు? ఎవరు రాజీ అన్నారు? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కనుక్కోలేదు.

"నాకు ఆయన ఏమీ బాకీ లేడు," అన్నాడు గట్టిగా. "రాజీ."

సుయున్ తల దించుకున్నాడు. అది కృతజ్ఞత అనుకున్నాడు షార్షెన్.

శ్మశానంలో తన వంతు మట్టి వేసి, సందె వేళకి ఇల్లు చేరాడు. బురుల్చా మూట మీద కూర్చుని ఉంది.

"ఏదీ? ఇటివ్వు, ముందు నేను పట్టుకుంటా."

"పెద్దాయన పోయాడు."

బురుల్చా రెండు అరచేతులతో మొహం తుడుచుకుని దువా చేసింది. తర్వాత మెల్లగా అడిగింది. "తాళంచెవి?"

జరిగింది చెప్పాడు. వింటూ వింటూ ఆమె లేచి నిలబడింది.

"రాజీ అన్నావా? దేనికి రాజీ? రోజుకా, నెలకా, ఇంటికా?"

"అప్పుడంత ఆలోచించలేదు."

"టైలు వెంట్రుకవాసి తప్పితే పగలగొట్టి మళ్ళీ వేసేవాడివే! నీ మోకాళ్ళకి మాత్రం ఆలోచించవా? నా చేతులకి ఆలోచించవా? ఎల్లుండి కోడలు దిగుతోంది ఈ గదుల్లోకి. ఈ మూటలు నెత్తిన పెట్టుకుని ఏ చెట్టు కిందకి పోదాం?"

తిట్టింది, ఏడ్చింది, మూట మీద కూలబడింది. చివరికి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఆవిడెలా ఉంది?" అంది.

"గోడకి తిరిగి కూర్చుంది."

"నల్లబట్టలు కట్టింది, ఎక్కడికి పోతుందిలే. ఏడాది దాటందే గడప దాటకూడదు," అంది బురుల్చా. మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఎవరి కోసమో షార్షెన్ అడగలేదు.

రఖత్ తిట్టలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

"చట్టానికి రాజీ తెలీదు బావా. ఇల్లు నీ పేరు మీదుంది. ఆయన పోయిన నలభయ్యోనాటి తంతు దాటాక కోర్టులో వేద్దాం. ఖాళీ చేయిస్తారు."

"అంతమంది విన్నారు రఖత్."

"అంతమందిలో ఒక్కడన్నా నీకు ఇల్లిస్తాడా?"

రఖత్ నిట్టూర్చి, తన దొడ్లో ఉన్న వేసవి వంటగది ఖాళీ చేసిచ్చింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, ఇనుప పొయ్యి ఒకటి పెట్టుకుని అందులో సర్దుకున్నారు. మొదటి మంచు అక్కడే పడింది.

పొయ్యి ముందు కూర్చుని షార్షెన్ ఒక ఆలోచన చేసుకున్నాడు. బురుల్చా కూడా చివరికి సరేనంది. ఇంటికి రెండు గుమ్మాలున్నాయి. పెద్దగుమ్మం వైపు ఏడాది తిరిగేదాకా ఊల్కన్ వదిన ఉంటుంది. చిన్నగుమ్మం వైపు తామిద్దరూ ఉంటారు. అద్దె సంగతి ఏడాది తర్వాత. పింఛను ఒక ఏడాది ఆలస్యంగా మొదలైతే ప్రపంచం మునిగిపోదు. నలభయ్యోనాటి తంతు అయ్యాక వెళ్ళి ఆవిడకి ఈ మాట ఎలా చెప్పాలో కూడా సాధన చేశాడు. "వదినా, ఇది నీ ఇల్లే అనుకో," అని మొదలుపెడితే, "అలా అనకు, పుండు మీద కారం చల్లినట్టుంటుంది," అని బురుల్చా దిద్దింది. "వదినా, పొయ్యి రేకు సంగతి మాకు తెలీదు, నేర్పించు," అని మొదలుపెట్టమంది. అది బాగుందనిపించింది.

నలభయ్యోనాటి మర్నాడు బూట్లు తొడుక్కుంటుంటే, వంటగది తలుపు తట్టి సుయున్ లోపలికొచ్చాడు. టోపీ మీద మంచు. కూర్చోమంటే కూర్చోలేదు. అరచెయ్యి తెరిచి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"వదిన పొద్దున్నే వెళ్ళిపోయింది అన్నా. అట్‌బాషీలో వాళ్ళ తమ్ముడి దగ్గరికి."

"నల్లబట్టల్లోనా?" అంది బురుల్చా, చెయ్యి నోటికడ్డం పెట్టుకుని.

"నల్లబట్టల్లోనే. ఊరంతా చూస్తుండగానే."

"ఇవాళ నేనే వస్తున్నా తమ్ముడూ," అన్నాడు షార్షెన్. ఒక కాలికి బూటుంది, రెండోది చేతిలోనే ఉంది. "ఏడాదిదాకా ఉండమని చెప్దామని. నేను రాజీ అన్నాను కదా? నువ్వే విన్నావు కదా?"

"విన్నాను. వదిన కూడా విన్నది." సుయున్ టోపీ తీసి, దాని మీది మంచు దులిపాడు. "మీరు మంచోళ్ళు అన్నా. మీరలా ఏడ్చారు, మా మేనమామ కూడా అలా ఏడవలేదు. కానీ మీరు అడిగుంటే బాగుండేది."

"అడగడమా?"

"బ్యాటరీ అడిగాడు చూడండి, కుదాయ్ బాబాయ్. ఇచ్చేశాను. వాళ్ళింట్లో కూర్చుని టీ తాగొచ్చాను. లెక్క తీరింది, మొహాలు చూసుకుంటున్నాం. మీరు కూడా తాళంచెవి అనుంటే, అది నా మీదుండేది. మీ దగ్గరికొచ్చి, అన్నా, ఏడాది గడువియ్యి, నెలకింతని అద్దె ఇస్తా అని బేరమాడేవాణ్ణి. మీరు ఎక్కువ చెప్పేవారు, నేను తగ్గించమనేవాణ్ణి. వదిన తలెత్తుకుని అద్దెకుండేది. మీరేమో ఊరందరి ముందూ ఏమీ లేదు పొమ్మన్నారు. ఇక మేం అక్కడుంటే ఏ లెక్కన ఉన్నట్టు? ఆయన పోగొట్టుకున్న ఇంట్లో నేను దానానికి కూర్చోనా అంది వదిన. నేనేం చెప్పను?"

పొయ్యిలో కట్టె విరిగింది. బురుల్చా దాన్ని లోపలికి తొయ్యలేదు.

"ఆ ఇల్లు పోయింది నా వల్ల," అన్నాడు సుయున్. గొంతులో కోపం లేదు. "మా అన్న బతికుండగా దాని గురించి నన్నేమీ అడగలేదు. పోయాక మీరన్నా అడుగుతారనుకున్నా. అందుకే మీ వైపు చూశాను. ఆ ఒక్కటన్నా నేను మొయ్యాలని."

షార్షెన్ చేతిలో బూటు అలాగే ఉంది. "తమ్ముడూ, నాకు..." అన్నాడు. సుయున్ గుండె మీద చెయ్యి పెట్టి సలాం చేసి, తలుపు జాగ్రత్తగా దగ్గరికేసి వెళ్ళిపోయాడు.

అట్‌బాషీకి రెండుసార్లు కబురు పంపారు. రఖత్ స్వయంగా ఫోను చేసి, అద్దె పత్రం రాసి పంపిస్తానక్కా, అంది. ఊల్కన్ మర్యాదగా మాట్లాడింది, అందరి క్షేమం అడిగింది, పిల్లికి పాలు పోస్తున్నారా అని అడిగింది. రాను అని మాత్రం చెప్పింది.

ఇక చేసేదేముంది? చలికాలం మధ్యలో ఇంట్లో దిగారు. కిటికీ తలుపు పైకెత్తి తోస్తే పడింది. పడమటి గాలి కొట్టిన రోజు రేకు సగం మూశారు. రెండో పక్క ఇద్దరు టీచరమ్మలు అద్దెకొచ్చారు, నెల తిరక్కుండానే డబ్బు చేతిలో పెడతారు. "చూశావా బావా, ఇంత భద్రంగా జప్తు ఇల్లు కొన్నవాడు మన జిల్లాలో లేడు," అంది రఖత్ ఒకనాడు, నవ్వించడానికి. షార్షెన్ నవ్వాడు. లెక్క ఎక్కడా తప్పలేదు. మోకాళ్ళకి విశ్రాంతి దొరికింది. రోజూ పొద్దున్నే మాత్రం, గుమ్మం దాటేటప్పుడు ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా తలుపు తీసేవాడు.

ఒక గురువారం బురుల్చా పిండి కలిపి, నూనె కాచి, ఏడు పల్చటి రొట్టెలు వేయించింది. ఆ వాసనకి పోయిన పెద్దలు ఇంటికొచ్చి, తమ పేరు విని, తృప్తిపడి వెళ్తారు. అద్దె గదుల్లో ఉన్నప్పుడు పొగ వస్తుందని యజమానురాలు ఒప్పుకునేది కాదు. సొంత పొయ్యి మీద ఇదే మొదటిసారి. రొట్టెలు పళ్ళెంలో పెట్టి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఎవరి పేరు ముందు చెప్పను?" అంది బురుల్చా.

"మా నాన్న పేరు చెప్పు."

చేతులు పైకెత్తబోయి ఆగిందామె. "మామగారు ఈ ఇంటికెప్పుడూ రాలేదుగా. నారిన్‌లో వెతుక్కుంటాడు గానీ ఇక్కడికి దారేం తెలుసు?"

షార్షెన్ పొయ్యి వైపు చూశాడు, కారే మూల వైపు చూశాడు. పోయినవాళ్ళలో ఈ గుమ్మానికి దారి తెలిసినవాడు ఒక్కడే.

"ముందు ఆయన పేరు చెప్పు," అన్నాడు.

ఇద్దరూ అరచేతులెత్తారు. కల్మత్ పేరు బురుల్చా చెప్పింది. ఆయన తండ్రి పేరు తెలీక, ఆ చోట కాస్త ఆగి, ఈ ఇంటి పెద్దకి, అంది. షార్షెన్ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆమెకి మాత్రమే వినపడేంత మెల్లగా అతను అడిగాడు.

"పెద్దన్నా, మా నాన్నకి ఈ ఇల్లు తెలీదు. నువ్వొచ్చేటప్పుడు ఆయన్ని కూడా వెంటబెట్టుకురా."